పంపిస్తాం సార్: ఆరేళ్ల అనుభవం, పదహారు వేల జీతం – ఒక డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజినీర్ కేసు

ఇంటర్వ్యూకి వచ్చినవాడు నాకు కొత్తవాడేమీ కాదు. జేబులో పెన్‌డ్రైవ్, చేతిలో స్క్రూడ్రైవర్ సెట్టుతో రోజూ మా ఫ్లోర్‌లో తిరిగే డెస్క్‌టాప్ సపోర్ట్ కుర్రాడే. 2019 ఆగస్టులో మా దగ్గర ఎల్2 పోస్టు, అంటే మొదటి మెట్టు ఎల్1 వాళ్లు తేల్చలేని సమస్యలు చూసే రెండో మెట్టు పోస్టు, ఒకటి ఖాళీ అయింది. "నేను కూడా అప్లై చేయొచ్చా సార్?" అని లిఫ్టు దగ్గర మొహమాటపడుతూ అడిగాడు. చెయ్యమన్నాను.

మొదట తేలిక ప్రశ్నే వేశాను. "యూజర్‌కి నెట్ రావట్లేదు. చూస్తే ఐపీ 169.254తో మొదలవుతోంది. ఏం చేస్తావ్?"

"డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ రాలేదు సార్. కేబుల్ చూస్తా. రిలీజ్, రెన్యూ కొడతా. రీస్టార్ట్ చేయిస్తా." (డీహెచ్‌సీపీ అంటే ప్రతి కంప్యూటర్‌కీ నెట్‌వర్క్ అడ్రస్ పంచే సర్వర్.)

"అయినా రాలేదు."

"నెట్‌వర్క్ టీమ్‌కి పంపిస్తాం సార్."

"ఒకాయన అకౌంట్ అన్‌లాక్ చేసిన పది నిమిషాలకే మళ్లీ లాక్ అవుతోంది."

"ఏడీ టీమ్‌కి పంపిస్తాం సార్." (ఏడీ అంటే యాక్టివ్ డైరెక్టరీ, ఆఫీసులో అందరి లాగిన్ అకౌంట్లూ ఉండే చోటు.)

"షేర్డ్ మెయిల్‌బాక్స్ కనపడట్లేదు."

"మెసేజింగ్ టీమ్‌కి..." అని తనే ఆగిపోయాడు. ఇద్దరికీ అర్థమైపోయింది.

రిజెక్ట్ చేశాను. ఫీడ్‌బ్యాక్‌లో "నాలెడ్జ్ ఎల్1 స్థాయిలోనే ఉంది" అని రాశాను. ఇంటికెళ్లే దారిలో ఆ వాక్యం గుచ్చుకుంది. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ప్రతి జవాబులో మొదటి సగం సరిగ్గానే ఉంది. రెండో సగం అతనికి తెలియకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. ఆరేళ్లలో ఏ ఒక్కరోజూ డీహెచ్‌సీపీ సర్వర్ తెర ఎలా ఉంటుందో చూసే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. యాక్సెస్ లేదు, అందుకే అనుభవం లేదు. అనుభవం లేదని మేం యాక్సెస్ ఇవ్వం. జీతం ఈ రెండిటి మధ్య ఇరుక్కుని ఉంది.

ఈ రంగంలో నాకు పంతొమ్మిదేళ్లు దాటాయి. జీతాలు, సర్టిఫికెట్లు, అనుభవం గురించి నన్నడిగేవాళ్లకు ఇప్పటికీ ఈ ఒక్క కేసే చెప్తుంటాను. ఇందులో అంకెలన్నీ ఒక్క మనిషివి, మార్కెట్ సగటులు కావు. పేర్లు, కంపెనీలు కావాలనే రాయలేదు.

సీటు అదే, కంపెనీ మూడోది

కోదాడ పక్క ఊరు. బీఎస్సీ కంప్యూటర్స్. ఒక సబ్జెక్టు ఉండిపోతే సప్లిమెంటరీలో కట్టి 2013లో బయటపడ్డాడు. తర్వాత అందరిలాగే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి కట్టిన బోర్డులు చూసి, హార్డ్‌వేర్ నెట్‌వర్కింగ్ అనే నాలుగు నెలల ప్యాకేజీలో చేరాడు. ఏ ప్లస్, ఎన్ ప్లస్, సీసీఎన్‌ఏ, విండోస్ సర్వర్ అన్నీ అందులోనే. కోర్సులన్నీ చేశాడు, పరీక్ష ఒక్కటీ రాయలేదు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన సర్టిఫికెట్ వేరు, సిస్కో, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీ పెట్టే పరీక్ష పాసై తెచ్చుకునే సర్టిఫికేషన్ వేరు అన్న సంగతి అప్పట్లో అతనికి ఎవరూ చెప్పలేదు. ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో ఉంటూ ఎనిమిది వేల జీతానికి చేరాడు.

అప్పటినుంచి 2019 దాకా అదే క్లయింట్, అదే బిల్డింగ్, అదే కుర్చీ. పేరోల్ మాత్రం రెండుసార్లు మారింది. క్లయింట్, అంటే మా కంపెనీ, కాంట్రాక్టు వేరే వెండర్‌కి (మనుషుల్ని సరఫరా చేసే కంపెనీకి) ఇచ్చినప్పుడల్లా పాత కంపెనీలో రిజైన్ చేయించి, కొత్త కంపెనీలో ఫ్రెష్‌గా చేర్చుకునేవాళ్లు. ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ అన్నది అప్పటి రూలు. ఇతని లెక్క రెండేళ్లకోసారి సున్నాకి వచ్చేది. ప్రతి కొత్త వెండరూ "లాస్ట్ డ్రాన్ (ఆఖరి జీతం) మీద పది శాతం" అనేవాడు. ఎనిమిది వేల మీద పది శాతం ఎంత? ఎనిమిది వందలు. పునాదే తక్కువైతే శాతాలు ఎన్ని వేసినా గోడ లేవదు.

అతని పే స్లిప్పు అడిగి తీసుకున్నాను. జీతం మాట్లాడేవాళ్లలో స్లిప్పు వరస వరసా చదివేవాళ్లు తక్కువ కనక ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. బేసిక్ 10,000. హెచ్ఆర్ఏ 4,000. స్పెషల్ అలవెన్స్ 3,500. గ్రాస్ 17,500. ఇందులోంచి పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,200. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) గ్రాస్ మీద 0.75 శాతం, 132. తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికొచ్చేది 16,018. ఆఫర్ లెటర్‌లో మాత్రం నెలకు 19,850, ఏడాదికి 2.38 లక్షలు అని ఉంటుంది. యజమాని కట్టే పీఎఫ్ చార్జీలతో కలిపి 1,300, ఈఎస్ఐ 569, గ్రాట్యుటీ పేరుతో 481 కూడా అందులో కలిపారు. అయిదేళ్లు ఉండనివ్వని ఉద్యోగానికి గ్రాట్యుటీ సీటీసీలో (కంపెనీకయ్యే మొత్తం ఖర్చులో) చూపించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదే సీటుకి మా కంపెనీ వెండర్‌కి కట్టేది నెలకు 31,000, ఆపైన 18 శాతం జీఎస్టీ. తేడా పదకొండు వేల పైమాటే. వెండర్ దోచుకుంటున్నాడని కేకలేయడం తేలిక. కానీ మేం బిల్లు పాస్ చేసేసరికి రెండు మూడు నెలలవుతుంది, ఆలోగా జీతాలు వాళ్లే ఇవ్వాలి. ఎవరైనా సెలవు పెడితే బదులు మనిషిని పంపాలి. అవన్నీ తీసేసినా ఇంకా మిగులుతుంది. ఆ మిగులులో వాటా అడిగే బలం మాత్రం ఈ అబ్బాయికి లేదు. పాస్‌వర్డ్ రీసెట్ చేసే మనిషి రేపు మరొకరు దొరుకుతారని వెండర్‌కీ తెలుసు, మాకూ తెలుసు.

పంపించిన 611 టికెట్లు

రిజెక్ట్ చేసిన వారానికి, అతని పేరు మీద ఏడాదిలో క్లోజ్ అయిన టికెట్లన్నీ (ఒక్కో ఫిర్యాదుకీ ఒక్కో నమోదు) టూల్‌లోంచి ఎక్సెల్‌లోకి దింపాను. మొత్తం 2,964. అందులో పాస్‌వర్డ్ రీసెట్లు, అకౌంట్ అన్‌లాక్‌లే 1,012. ప్రింటర్లు, స్కానర్లు 486. లాప్‌టాప్ మార్పులు, కీబోర్డులు, ర్యామ్, డాకింగ్ స్టేషన్లు కలిపి 391. అవుట్‌లుక్ 377. వైఫై, వీపీఎన్ 298. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినవి 265. మిగతావి 135. ఇవన్నీ కలిపి చూస్తే మూడో వంతు పని ఒక పోర్టల్ పెడితే యూజర్లే చేసుకోగలిగింది. ఈ అంకెలు చూసి నేను కొంచెం భయపడ్డాను కూడా. ఆ పోర్టల్ ప్రతిపాదన అప్పటికే నా బల్ల మీద ఉంది మరి.

ఇంకో కాలమ్‌లో వేరే అంకె దొరికింది. అతను చూసి, పక్క టీమ్‌కి అసైన్ చేసినవి 611. ప్రతి టికెట్‌కీ మొదలు అతని దగ్గరే ఉంది, ముగింపు ఇంకొకరి దగ్గర. ఆ ముగింపు చదివే హక్కు మాత్రం అతనికి టూల్‌లో ముందునుంచీ ఉంది. పంపించాక వెనక్కి తిరిగి తెరవాలని ఎప్పుడూ అనుకోలేదంతే. ఎందుకు తెరుస్తాడు? క్యూలో ఇంకా నలభై ఉంటాయి.

"రోజూ సాయంత్రం షిఫ్ట్ అయ్యాక నాలుగు టికెట్లు చదువు. పంపించిన తర్వాత అవతలివాళ్లు ఏం చేశారో నీ మాటల్లో రాసిపెట్టు" అన్నాను. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. రెండో వారానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. చాలా వాటిలో "ఫిక్స్‌డ్, క్లోజింగ్" అని తప్ప ఇంకేమీ లేదు. లెక్కేస్తే అలాంటివి 240. మిగిలిన 371 మాత్రం అయిదు నెలల్లో చదివేశాడు. ఏమీ రాయని వాటిల్లో పనికొచ్చేవనిపించినవాటి కోసం టీ టైమ్‌లో ఎల్2 వాళ్ల వెంట పడేవాడు. "వీడొకడు తగులుకున్నాడు" అని వాళ్లు నాతోనే విసుక్కున్నారు. ఒకాయన మాత్రం ఓపిగ్గా కూర్చోబెట్టి, అకౌంట్ పదేపదే లాక్ అయ్యే కేసులో డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లు సరిచూసే సర్వర్) లాగ్‌లో 4740 నంబర్ ఈవెంట్ వెతికితే ఏ మెషీన్ నుంచి తప్పు పాస్‌వర్డ్ వస్తోందో తెలుస్తుందని చూపించాడు. పాస్‌వర్డ్ మార్చాక పాతది ఫోన్‌లోని మెయిల్ యాప్‌లోనో, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లోనో ఉండిపోతే అదే గంటకు నాలుగుసార్లు తలుపు తడుతుంటుంది. వీడు వెంటనే యూజర్‌నే అడగడం మొదలుపెట్టాడు: "మేడమ్, ఆఫీసు మెయిల్ ఫోన్‌లో కూడా ఉందా?" నెల తిరిగేసరికి ఏడీ టీమ్‌కి వెళ్లే లాకౌట్ టికెట్లు సగానికి పడిపోయాయి. దీనికి సర్టిఫికెట్ అక్కర్లేదు, అడ్మిన్ రైట్స్ కూడా అక్కర్లేదు. కథ చివరిదాకా తెలిస్తే చాలు.

యాక్సెస్ దగ్గర అసలు గొడవ మొదలైంది. డీహెచ్‌సీపీ యూజర్స్ గ్రూపులో వేస్తే సర్వర్‌ని చూడగలరు, ఏదీ మార్చలేరు. ఆ ఒక్కటి ఇవ్వమని సెక్యూరిటీ టీమ్‌కి రిక్వెస్ట్ పెట్టాను. "థర్డ్ పార్టీ పేరోల్" అని తిప్పి పంపారు. ఇదే మనిషి మా సీఈఓ లాప్‌టాప్ విప్పి హార్డ్‌డిస్క్ మారుస్తాడు, దానికి అభ్యంతరం లేదు. ఐపీ అడ్రస్‌ల జాబితా చూస్తే మాత్రం ముప్పు. అయిదు వారాలు, రెండు మీటింగులు, ఒక రిస్క్ యాక్సెప్టెన్స్ ఫారం అయ్యాక వచ్చింది.

నవంబరు సోమవారం, ఉదయం 9:10

అయిదో అంతస్తు ట్రైనింగ్ హాల్‌లో 55 మంది కొత్త బ్యాచ్. కొత్త లాప్‌టాప్‌లు తెరిచారు. మొదటి నలుగురికి నెట్ వచ్చింది, మిగతా వాళ్లకు రాలేదు. ట్రైనర్ నాకే ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. అంతకుముందు బ్యాచ్ వచ్చిన రోజూ ఇదే గోల, అది సర్దుకునేసరికి మధ్యాహ్నం రెండయింది. అప్పుడు మావాడు పంపిన టికెట్‌లో "ట్రైనింగ్ రూమ్ నెట్ పనిచేయట్లేదు, దయచేసి చూడండి" అని ఉంది. నెట్‌వర్క్ టీమ్ స్విచ్ చూసింది, కేబుల్స్ చూసింది, యాక్సెస్ పాయింట్ రీబూట్ చేసింది.

ఈసారి అతను హాల్‌కి వెళ్లకుండా ముందు తన సీట్లో కూర్చుని డీహెచ్‌సీపీ తెర తెరిచాడు. ఆ హాల్‌కి కేటాయించిన స్కోప్‌లో ఉన్నవే 120 అడ్రస్‌లు. శుక్రవారం వెళ్లిపోయిన బ్యాచ్‌లో 58 మంది. ఒక్కొక్కరికీ ఒక లాప్‌టాప్, ఒక ఫోన్. అంటే 116 అడ్రస్‌లు ఇంకా వాళ్ల పేరునే ఉన్నాయి. లీజ్ కాలం, అంటే ఒక అడ్రస్ ఒకరి పేరున ఉండే గడువు, విండోస్ సర్వర్ ముందే పెట్టి ఇచ్చే ఎనిమిది రోజులే, ఎవరూ మార్చలేదు. మనుషులు వెళ్లిపోయారు, కుర్చీల మీద వాళ్ల తువ్వాళ్లు అలాగే ఉన్నాయి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం తెలిసినవాడికి డీహెచ్‌సీపీ లీజ్ అర్థం కావడానికి వేరే పుస్తకం అవసరం లేదు.

టికెట్ మూడు లైన్లు రాశాడు. స్కోప్ నిండిపోయింది, 120లో 116 పాత బ్యాచ్ లీజులు, స్క్రీన్‌షాట్ జతచేశాను. పాత లీజులు తీసేస్తే ఇప్పటికి సరిపోతుంది. ఈ స్కోప్‌కి లీజ్ ఎనిమిది గంటలకు తగ్గిస్తే మళ్లీ రాదు. నెట్‌వర్క్ టీమ్ పని పది నిమిషాలు. 9:40కి హాల్‌లో అందరికీ నెట్ వచ్చింది.

ఆ మధ్యాహ్నం నెట్‌వర్క్ లీడ్ నా దగ్గరికి వచ్చి "ఈ టికెట్ ఎవరు రాశారు, మీ ఎల్2లో ఎవరు?" అని అడిగాడు. ఎల్2 కాదన్నాను. ఇదీ పంపించడమే కదా అనొచ్చు. పంపించడంలోనూ తేడా ఉంది. డాక్టర్ దగ్గరికి "ఒంట్లో బాగోలేదు" అని వెళ్లడం వేరు, రిపోర్టు పట్టుకుని వెళ్లడం వేరు.

డిగ్రీ, పర్సంటేజీ, సర్టిఫికెట్

రెండోసారి ఇంటర్వ్యూకి పిలుద్దామంటే హెచ్ఆర్ పోర్టల్ అప్లికేషనే తీసుకోలేదు. బీఈ లేదా బీటెక్, టెన్త్ నుంచి అన్నింట్లో 60 శాతం. ఇతనిది బీఎస్సీ, పైగా ఇంటర్‌లో 57. మొదటిసారి నేను చేత్తో తెచ్చి కూర్చోబెట్టాను కాబట్టి ఈ గోడ నా కంటపడలేదు. ఈ షరతు ఎవరు పెట్టారని ఆరా తీస్తే ఎవరికీ తెలియదు. డెవలపర్ల జేడీ (ఉద్యోగ వివరణ) కాపీ చేసి మాకు అంటించారట. పాస్‌వర్డ్‌లు, ప్రింటర్లు, ఏడీ, ఇమేజింగ్ చూసే పనికి బీటెక్‌లో నేర్పేది ఎంత అవసరమో నాకైతే ఇప్పటికీ తెలియదు. నా టీమ్‌లో అతి మంచి ఇంజినీర్లలో ఒకడు ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ట్రేడ్ చదివాడు. 2020 జనవరికి జేడీ మార్పించాను: ఏదైనా డిగ్రీ, అయిదేళ్ల అనుభవం.

సర్టిఫికేషన్ సంగతి ఇంకోలా తిరిగింది. అంతకు రెండేళ్ల ముందు మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్ ఎంసీఎస్ఏ కోచింగ్‌కి పన్నెండు వేలు పోసి, పరీక్ష రాయకుండా వదిలేశాడు. ఇప్పుడు రాస్తానన్నాడు. సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ తీసేస్తున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మొదట 2020 జూన్ అన్నారు, తర్వాత 2021 జనవరి 31 దాకా పొడిగించారు. పోయే బస్సు ఎక్కొద్దన్నాను. మైక్రోసాఫ్ట్‌వే ఎండీ-100, ఎండీ-101 అనే రెండు పరీక్షలు రాయమన్నాను. ఒక్కోదానికి అయిదు వేలకు అటూఇటూ. సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ అయితే అప్పట్లో 300 డాలర్లు, అంటే అతని నెల జీతానికి మించే. డంప్స్ (బయటికొచ్చిన ప్రశ్నలు, జవాబులు) కొని బట్టీపడితే వారంలో పాసవుతావని రూమ్మేట్లు చెప్పారట. "నువ్వు 371 టికెట్లు చదివావు, డంప్స్ నీకెందుకురా" అన్నాను. మొదటి పరీక్షలో ఫెయిలయ్యాడు. రెండోసారి పాసయ్యాడు.

ఆ రూమ్మేట్లలో ఒకడి గురించి చెప్పాలి. ఇద్దరిదీ ఒకే ఇన్‌స్టిట్యూట్. అతను మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కొని 2016లో మంచి ప్యాకేజీకి చేరాడు. ఏడాది తిరగకుండా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయాడు. పీఎఫ్‌లో యూఏఎన్ (కంపెనీ మారినా మారని ఒకే నంబర్) వచ్చాక ఎవరు ఎప్పుడు ఎక్కడ పనిచేశారో సర్వీస్ హిస్టరీలో నిలబడిపోతోంది, కాగితం మీద ఎంత అందంగా రాసినా.

నేను చేసిన తప్పు

2020 ఫిబ్రవరి చివర్లో రెండో ఇంటర్వ్యూ. ఈసారి ప్యానెల్‌లో నేను కూర్చోలేదు, నెట్‌వర్క్ లీడ్ కూర్చున్నాడు. సెలెక్ట్ అయ్యాడు. ఆన్‌రోల్ ఆఫర్, అంటే నేరుగా మా కంపెనీ పేరోల్ మీదే, 4.1 లక్షలు, సంతకానికి వెళ్లింది. మార్చి నాలుగో వారంలో లాక్‌డౌన్. కొత్త నియామకాలన్నీ ఆపేశారు.

"ఆగు, ఒక క్వార్టర్ అయ్యాక తీస్తారు" అన్నాను. నన్ను నమ్మి ఆగాడు. ఆ క్వార్టర్ తర్వాత ఇంకో క్వార్టర్ అన్నాను. వెండర్ ఆ ఏడాది ఎవరికీ హైక్ ఇవ్వలేదు. అలా పద్దెనిమిది నెలలు పోయాయి. నా మాట మీద నాకే నమ్మకం లేని రోజున కూడా బయట ప్రయత్నించుకో అని చెప్పలేదు. చెప్తే వెళ్లిపోతాడని భయం. ఆ రోజుల్లో అతను లేకపోతే నా క్యూ కదలదు మరి.

ఎందుకంటే లాక్‌డౌన్‌లో అందరినీ కుదిపేసిన సమస్యకు దారి చూపింది అతనే. ఇంట్లో కూర్చున్నవాళ్ల పాస్‌వర్డ్‌లు గడువు తీరడం మొదలైంది. లాప్‌టాప్‌కి పాత పాస్‌వర్డ్ గుర్తుంటుంది, వీపీఎన్‌కి కొత్తది కావాలి. మనిషి రెండిటి మధ్య నలిగిపోయి ఫోన్ చేస్తాడు. వీపీఎన్‌లో ఉన్నప్పుడే కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కొట్టి పాస్‌వర్డ్ మార్చుకోవాలి. రీసెట్ మేమే చేసి ఇస్తే, వీపీఎన్ కలిపి ఉంచే స్క్రీన్ లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవాలి. అప్పుడు లాప్‌టాప్ కూడా కొత్తదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఈ మాత్రం మూడు బొమ్మలతో ఒక పేజీలో రాసి, గడువు ఏడు రోజులుందనగా అందరికీ మెయిల్ వెళ్లేలా చేయించాడు. ఆ పేజీ తర్వాత మా ఇతర నగరాల ఆఫీసులకూ వెళ్లింది. కింద పేరు మాత్రం మా టీమ్‌ది.

2021లో వెండర్ చివరికి దిగొచ్చి గ్రాస్ 22,000 చేస్తానంది. ఆనందపడతాడనుకుంటే వద్దన్నాడు. "20,900 దగ్గర ఆపమనండి అన్నా." అప్పటికి సార్ పోయి అన్న వచ్చింది. నాకు కోపం వచ్చింది. తర్వాత చెప్పాడు: అమ్మకి షుగర్, బీపీ మందులు, పరీక్షలు అన్నీ ఈఎస్ఐలోనే. నెల వేతనం 21,000 దాటితే ఈఎస్ఐ పోతుంది. వెయ్యి రూపాయలకు ఆశపడితే నెలకు రెండున్నర వేల మందులు చేతి నుంచి పెట్టుకోవాలి. ఎన్ని అప్రైజల్స్ చేశానో కానీ ఈ లెక్క నేను ఎప్పుడూ వేసి చూడలేదు. వెండర్ హెచ్ఆర్‌లో ఒకావిడ దారి చెప్పింది. ఈఎస్ఐ కంట్రిబ్యూషన్ కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదలయ్యాక మధ్యలో వేతనం పరిమితి దాటితే ఆ కాలం ముగిసేదాకా సభ్యత్వం పోదు. హైక్ ఏప్రిల్ 1 నుంచి కాకుండా మే 1 నుంచి వేయించుకున్నాడు. సెప్టెంబరు దాకా గడువు దొరికింది.

ఆ సెప్టెంబరులోనే నేను నోరు విప్పి "బయట చూసుకో" అన్నాను.

బయట

2021 రెండో సగంలో ఎవరి మెయిల్ చూసినా రిజిగ్నేషన్లే. ఆరు వారాల్లో అతనికి మూడు ఇంటర్వ్యూలు. రెజ్యూమె నేను దిద్దలేదు, ఒక్క మాట మాత్రం చెప్పాను. "8 ఏళ్ల అనుభవం" పైన రాయకు, ఆ సోమవారం సంగతి పైన రాయి. అలాగే రాశాడు. మూడో కంపెనీలో ఇంటర్వ్యూ అంతా ఆ 116 లీజుల మీదే నడిచిందట.

ఆఫర్ 5.2 లక్షలు, ఎల్2, ఆన్‌రోల్. అందులో 40 వేలు వేరియబుల్. యజమాని పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ వెయ్యి పోగా గ్రాస్ 37,200. అతని పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికి 35,200. అమ్మకి కూడా వర్తించే గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందా అన్నది జీతం కన్నా ముందు అడిగాడు. ఉంది. మా వెండర్ ఆపడానికి 3.1 లక్షల దాకా వచ్చింది. నేను ఆపమని అడగలేదు.

వెరిఫికేషన్‌లో మాత్రం చిక్కు వచ్చింది. రెండో వెండర్ పద్నాలుగు నెలలు పీఎఫ్ కోసుకుని కట్టలేదు. పాస్‌బుక్‌లో ఆ నెలలు ఖాళీ. చేయని ఉద్యోగం చేశానంటున్నాడేమోనని వాళ్ల అనుమానం. బ్యాంకు స్టేట్‌మెంట్లో ఆ పద్నాలుగు జీతాలు, పే స్లిప్పులు, మా గేటు ఎంట్రీ రికార్డులతో నేను రాసిచ్చిన మెయిల్ కలిపి పంపితే ఒప్పుకున్నారు. ఆ పీఎఫ్ డబ్బు మీద పెట్టిన కంప్లైంట్ మాత్రం చాలాకాలం తేలలేదు. పాస్‌బుక్ ఆర్నెల్లకోసారైనా తెరిచి చూడమని నా దగ్గరున్న ప్రతివాడికీ అప్పటినుంచి చెప్తున్నా.

ఆ తర్వాతి మెట్లు త్వరగానే ఎక్కాడు. ఇంట్యూన్ చేతికొచ్చింది, అంటే వేల లాప్‌టాప్‌లకు ఒకే చోటనుంచి పాలసీ తోయగల అధికారం. 2023లో ఎండ్‌పాయింట్ ఇంజినీర్, 8.6 లక్షలు. చదువు అదే బీఎస్సీ, ఇంటర్‌లో అదే 57.

పెళ్లిచూపుల్లో మాత్రం ఇప్పటికీ "సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా?" అని అడిగారట. అమెరికాలో ఎంఎస్ చేసే మన పిల్లలు యూనివర్సిటీ హెల్ప్‌డెస్క్‌లో వారానికి 20 గంటలు ఇదే పని చేస్తే క్యాంపస్ జాబ్ అని గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ చేస్తే వైర్లు పీకేవాడు.

2024 జులై 19, శుక్రవారం. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా కొట్టి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర మీద ఆగిపోయిన రోజు. శంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరూ చూసే ఉంటారు. రాత్రి పదకొండింటికి అతనే ఫోన్ చేశాడు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే మెషీన్ లేస్తుంది, అది ఎవరైనా చేస్తారు. అక్కడికి వెళ్లాలంటే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడుగుతుంది, 48 అంకెలు. కీ ఎక్కడా భద్రపరచకపోతే ఆ లాప్‌టాప్‌లో డేటా పోయినట్టే. ఆ ఏడాది మొదట్లో ఎవరూ అడక్కుండానే లెక్క తీసి, 190 మెషీన్ల కీలు సర్వర్‌లో లేవని కనిపెట్టి, ఒక్కొక్కరి వెంటపడి ఎక్కించాడట.

"ఆ 190 మందిలో ఎంతమంది ఇవాళ ఫోన్ చేశారు?" అన్నాను.

"లెక్కపెట్టలేదన్నా. గొంతు పోయింది, అంకెలు చదివి చదివి."

అక్కడే ఇంకో ఏడాదికి 11.4 లక్షలయింది.

మా ఫ్లోర్‌లో అతని పాత సీట్లో ఇప్పుడు ఇంకో కుర్రాడున్నాడు. డిప్లొమా, రెండేళ్ల అనుభవం, నాలుగో వెండర్ పేరోల్. మేం కట్టే బిల్లు 31,000 నుంచి 36,500కి పెరిగింది. అతని చేతికి వచ్చేది 18,400. పాస్‌వర్డ్‌ల పోర్టల్ వచ్చేసింది కాబట్టి రీసెట్ టికెట్లు పెద్దగా లేవు. దాంతో ఒకరు చేసే పని ఇద్దరికెందుకని పక్క సీటు తీసేశారు. నోట్‌బుక్ నేనే కొనిచ్చాను. సర్వర్ చూడ్డానికి, కేవలం చూడ్డానికి, అతని పేరున పెట్టిన యాక్సెస్ రిక్వెస్ట్ అప్రూవల్‌కి వెళ్లి ఇవాళ్టికి పదకొండు రోజులు.